బాయిల పడని బర్రె

మా అమ్మ రత్నమ్మ నాకు దానియేలని పేరు పెట్టింది. బైబిల్ల ఆ దానియేలు లెక్క, సింహాల నడుమ పడేసినా ఒంటి మీద గీత పడకుంట రావాలె అని ఆమె ఆశ. నాకు సింహాలైతే దొరకలే. ఒక ఆటో, ఆ ఆటో నిండ మా చర్చి స్కూలు పిల్లలు దొరికిన్రు. సింహాలే నయముండె.

నేను పెద్దగ చదువుకున్నోన్ని కాదు. ఆరు పాసైన. ఏడో తరగతి సారు నన్ను చూసి, "వీడు లోపలికొస్తే నేను బయటికి పోత" అన్నడు. పెద్దమనిషి, ఎండల ఏం పోతడని నేనే బయటికొచ్చిన. ఇగ అప్పటిసంది బయటనే ఉన్న. పొద్దుగాల కోట దిక్కుకెళ్లి పిల్లలను ఎక్కించుకొని వరంగల్ల స్కూలు కాడ దింపుత, సాయంత్రం మళ్ల ఇండ్లకు చేరేస్త. నడుమల వాళ్లకు తెలివి నేర్పుత. ఎల్కేజీ పిల్లలకు ఆటో పెట్రోల్ తాగది, చాయ్ తాగుతదని చెప్పిన. ఒక పిలగాడు తెల్లారి నిజంగనే ఫ్లాస్కుల చాయ్ పట్టుకొచ్చిండు. ఆటోకు పొయ్యలే, నేనే తాగిన. మంచిగనే ఉండె, చక్కెరే జర ఎక్కువైంది.

మా స్కూల్ల శుక్రవారం వచ్చిందంటే పొద్దుగాల ప్రార్థన అయినంక సాక్ష్యం ఉంటది. సాక్ష్యమంటే కోర్టుల చెప్పేది కాదు. దేవుడు నాకు ఫలానా మేలు చేసిండని పదిమందిల నిలబడి చెప్పుడు. మా చర్చిల పెద్దోళ్లు ఆదివారం చెప్తరు. అదే అలవాటు హెడ్మేడం స్నేహలత పిల్లలకూ పెట్టింది. వంతుల వారిగ ఒక్కొక్క పిల్ల ముందటికి రావాలె, "దేవునికి స్తోత్రం" అని మొదలుపెట్టాలె, చెప్పాలె, "అందరికి వందనాలు" అని పోయి కూసోవాలె. చెప్పినోళ్ల పేరు మీద గోడ చార్టుకు మేడం ఒక స్టార్ అంటిస్తది.

స్కూల్ల సగం మంది మా చర్చోళ్లు కాదు, రైతుల పిల్లలు, కూలోళ్ల పిల్లలు. వాళ్లూ చెప్తరు. ఒకపారి ఒక పిలగాడు "మా మల్లన్న దేవుడు మా అక్కకు జరం తగ్గించిండు" అన్నడు. మేం గేటు కాడ ఊపిరి బిగవట్టి చూస్తానం, మేడం ఏమంటదో అని. మేడం, "అక్కకు తగ్గింది గదా నాయినా, సంతోషం, కూసో" అని వానికీ స్టార్ పెట్టింది. ఆమె అసోంటిది. కోపం రాదు. వచ్చిందంటే మాత్రం మనిషిని "గారూ" అని పిలుస్తది. ఆ "గారూ" వింటే నేను ఆటో సీటు కింద దాసుకుంట.

ఇప్పుడు కీర్తన ముచ్చట. కీర్తన మా అక్క స్వప్న బిడ్డ, నాకు మేనకోడలు. మూడో తరగతి. నవ్వు తక్కువ. మా ఇంటి నవ్వంత నా పాలికే వచ్చింది గావచ్చు. ఏం చెప్పినా ఆ పిల్ల కనుబొమ్మలు దగ్గరికి తెచ్చి, "నిజమేనా మామా?" అంటది. నేను "నీ మీదొట్టు" అంట. నమ్ముతది. గందుకే ఆమెకు చెప్తే నాకు మస్తు మజా.

ఒక గురువారం సాయంత్రం పిల్లలందరు దిగిపోయిన్రు. మా కీర్తన ఒక్కతే ఎనక సీట్ల కూసున్నది. బ్యాగు కడుపుకు వత్తుకున్నది.

"ఏందే, మూతి గట్ల పెట్టినవ్?" అని అడిగిన.

"రేపు నా వంతు మామా."

"ఏం వంతు? ఉప్మా వంతా?"

"సాక్ష్యం. నాకేం లేదు చెప్పుడానికి."

"జరం రాలేదా?"

"రాలే."

"పెన్సిల్ పోయి దొరకలేదా?"

"నాదెందుకు పోతది? పేరు రాసి పెట్టుకుంట."

"యాడన్న కింద పడ్డవా?"

"చూసుకుంట నడుస్త."

"ఓ బిడ్డా! ఇంత సక్కగ బతికితే దేవునికి నీతోని పనే లేకపాయె!"

నేను నవ్విన. అద్దంల చూస్తే ఆమె కండ్ల నీళ్లు తిరుగుతానయ్. "అభిషేకుకు రెండు స్టార్లున్నయ్" అన్నది. "వానికి ఊకె జరం వస్తది."

నా మనసు కరిగింది. కరిగినప్పుడే నా నోరు ఖరాబైతది.

"అట్లయితే మన బర్రె ముచ్చట చెప్పు."

"మనకు బర్రె యాడున్నది?"

"ఇప్పుడు లేదు, ఒకప్పుడుండె. పోయి పోయి మోటరు బాయిల పడ్డది. క్రేను తెచ్చిన్రు, క్రేను తాడు పటుక్కున తెగింది. ఊరు ఊరంత మోకులేసి గుంజిన్రు, వస్తలేదు. అప్పుడు ఒక చిన్నపిల్ల ఒడ్డు మీద మోకాళ్లేసి ప్రార్థన చేసింది. గంతే. బర్రె ఒక్కొక్క మెట్టెక్కుకుంట, తోక ఊపుకుంట పైకొచ్చింది. వచ్చి అందరికి వందనాలు చెప్పింది."

"బర్రె మాట్లాడిందా?"

"బైబిల్ల గాడిద మాట్లాడిందని సండే స్కూల్ల చెప్తే నమ్మినవ్. బర్రెకేం తక్కువ?"

కనుబొమ్మలు దగ్గరికొచ్చినయ్. "ఆ చిన్నపిల్ల ఎవరు మామా?"

"ఎవరైతేంది, మన ఇంటి పిల్లనే."

"నిజమేనా?"

"నీ మీదొట్టు."

ఇంటికి చేరేవరకు నేను ఆ ముచ్చటే మర్చిపోయిన. నా నోట్లకెళ్లి దినాం ఇసోంటివి రాలుతనే ఉంటయ్. అన్ని యాదికుంచుకుంటే బండి ఎవరు నడుపాలె?

తెల్లారి శుక్రవారం. నేను గేటు కాడ ఆటో అద్దం తుడుస్తాన్న. లోపట పాటైంది, ప్రార్థనైంది. కీర్తన ముందటికొచ్చింది. రెండు జడలు, చేతులు ఎనక కట్టుకున్నది.

"దేవునికి స్తోత్రం. మా బర్రె బాయిల పడ్డది" అన్నది.

నా చేతుల బట్ట జారి కింద పడ్డది.

ఎంత మంచిగ చెప్పిందో! నాకే తెల్వదు అది అంత మంచి కథని. క్రేను తాడు తెగినకాడ జర ఆగింది, పిల్లలంత "అయ్యో" అన్నరు. బర్రె మాట్లాడే ముక్క తీసేసింది, తెలివిగల్లది. ఒడ్డు మీద చిన్నపిల్ల దగ్గరికొచ్చి ఒక్క క్షణం నా దిక్కు చూసి, "ఆ పిల్లను నేనే" అన్నది. చప్పట్లే చప్పట్లు. ఊడ్చే ఆయమ్మ చీపురు చంకల పెట్టుకొని మరీ కొట్టింది. మేడం మామూలు స్టార్ కాకుంట బంగారు రంగుది, పెద్దది తీసి అంటించింది. కీర్తన పక్కన కూసునే దీప నోరు తెరిచి చూస్తాంది. దీపది కోట దిక్కు, వాళ్ల నాయిన వెంకట్రాజం బర్రె పాలు అమ్ముతడు. బర్రె మెట్లెక్కిందంటే ఆ పిల్లకు ఎట్లుంటది మరి!

నేనైతే ఆటో ఎనకకు పోయి కడుపు పట్టుకొని నవ్విన.

సాయంత్రం కీర్తనకు సమోస కొనిస్త అన్న. వద్దన్నది.

"మామా, ఆ పిల్లను నేనని చెప్పిన. తప్పు గదా?"

"తప్పేంది? సినిమాల హీరోలు మారుతలేరా?"

వద్దన్నా సమోస కొన్న. ఆమె ముట్టలే. నేనే తిన్న.

ఆదివారం చర్చి అయినంక స్నేహలత మేడం మా అమ్మ దగ్గరికొచ్చింది. "రత్నమ్మక్కా, మీ బర్రె ఎట్లున్నది ఇప్పుడు?" అని అడిగింది.

మా అమ్మకు ముందు వెనక తెల్వది. "మా ఇంట్ల బర్రె యాడిది మేడం? ఉన్నది ఒక్క దున్నపోతే. అగో, ఆటో నడుపుతాండు" అన్నది.

మేడం నవ్వి, ముసలామె తమాషా చేస్తాందనుకొని పోయింది. నేను బతికిపోయిన అనుకున్న. కీర్తన మాత్రం అమ్మమ్మ కొంగు పట్టుకొని నా దిక్కే చూస్తాంది.

మంగళారం పొద్దుగాల దీప ఆటో ఎక్కలే. ఇంటి ముంగట హారన్ కొట్టినా రాలే. సరే అని మిగతోళ్లను తీసుకొని స్కూలుకొచ్చిన. పిల్లలు దిగుతాన్రో లేదో, ఎనకనే ఒక మోటర్ సైకిల్ వచ్చి ఆగింది. వెంకట్రాజం, ఎనక దీప. వెంకట్రాజం కాళ్లకు చెప్పులు లేవు. లుంగీకి మోకాళ్ల దాక పేడ. దీప ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బింది.

ఆయన సక్కగ మేడం దగ్గరికి పోయి దండం పెట్టిండు. "మేడం, బర్లకు ప్రార్థన చేసే పాప ఎవరు?" అన్నడు.

మేడానికి అర్థం కాలే. "ఏమైంది, కూసుండ్రి ముందు" అన్నది.

"కూసునే టైం లేదమ్మా. మా బర్రె ఈనుతలేదు. కోడి కూసేటప్పుడు నొప్పులు మొదలైనయ్. ఒక కాలు బయటికొచ్చింది, అండ్లనే ఆగింది. మా ఊరి గట్టయ్య తాత చెయ్యి పెట్టి చూసిండు. దూడ అడ్డం తిరిగింది, నాతోని కాదన్నడు. పశువుల డాక్టర్కు ఫోన్ చేస్తే బందున్నది, దవాఖాన ఇంక తెరవలే. మొక్కని దేవుడు లేడు. మా దీప చెప్పింది, మీ స్కూల్ల ఒక పాప బాయిల పడ్డ బర్రెను ప్రార్థన చేసి లేపిందట. జర ఆ పాపను పంపుండ్రి. బండి మీద తోల్కపోయి మళ్ల తెచ్చి దింపుత. ఉన్నది ఒక్కటే బర్రె మేడం. దాని మీదనే మా ఇల్లు."

మేడం ముఖం ఎలిగింది. "కీర్తనా!" అని పిలిచింది.

కీర్తన వచ్చింది. వెంకట్రాజాన్ని చూసింది, పేడను చూసింది, దీపను చూసింది. మేడం విషయం చెప్పేవరకు ఆ పిల్ల పెదవులు తెల్లగైనయ్. "మేడం, మా మామతోని ఒక్క మాట మాట్లాడొస్త" అన్నది.

నన్ను ఆటో ఎనకకు గుంజుకపోయింది.

"మామా, ఆ పిల్ల ఎవరో జల్ది చెప్పు. అమ్మనా? అమ్మమ్మనా? ఆమెను తోల్కపోదాం. నాకైతే రాదు."

 నేను ఆటో టైరు దిక్కు చూసుకుంట చెప్పిన.

"పిల్ల లేదు బిడ్డా."

"మరి బర్రె?"

"బర్రె లేదు."

"బాయి?"

"బాయి గూడ... లేదనుకో."

"క్రేను?"

"బాయే లేకపాయె, ఇగ క్రేను ఎందుకొస్తదే!"

నవ్వుతదనుకున్న. నవ్వలే. వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంటాంది. "నేను ఒక్కటే అబద్ధం చెప్పిన అనుకున్న. మొత్తం అబద్ధమేనా?" అన్నది.

"గదంత వదిలెయ్" అన్న నేను. "ఒక పని చెయ్యి. పో, మోకాళ్లెయ్, కండ్లు మూసుకో, ఆమెన్ అను. బర్రె బతికితే మంచిదే. లేకపోతే దేవుని చిత్తం అను. పెద్దోళ్లు గట్లనే అంటరు."

"బతికితే నా అబద్ధం నిజమైపోతది మామా. ఇంకెవరి బర్రెకన్న బాగలేకపోతే మళ్ల నా కాడికే వస్తరు. బతకకపోతే దీప నాతోని జన్మల మాట్లాడది."

"మరి నిజం చెప్తే?"

"స్టార్ పోతది. అందరు నవ్వుతరు. మేడం..." అని ఆగింది.  జేబుల కర్చీఫ్ తీసి ముక్కు తుడుచుకొని, మళ్ల మడత పెట్టి జేబుల పెట్టుకొని, నడుచుకుంట పోయింది. నేను ఎనక.

వెంకట్రాజం ముందట నిలబడి, చేతులు ఎనక కట్టుకున్నది, సాక్ష్యం చెప్పినట్టే.

"కాకా, నేను బర్రెను లేపలే. మాకు బర్రె లేదు. మామ కథ చెప్తే నేను నాదని చెప్పిన. అబద్ధం చెప్పిన."

 దీప నోరు మళ్ల తెరుచుకున్నది. మేడం నా దిక్కు తిరిగింది. "దానియేలు గారూ" అన్నది. అంతే అన్నది.

వెంకట్రాజం ఆ పిల్లను చాన సేపు చూసిండు. కొడతడేమో అని నేను నడుమలకు పోబోయిన. ఆయన తువ్వాలతోని ముఖం తుడుసుకొని, "అయితే నీకు ప్రార్థన రాదా బిడ్డా?" అని అడిగిండు.

"ప్రార్థన వస్తది కాకా. చేస్తే బర్రె బతుకుతదో లేదో తెల్వది."

"వచ్చినంత చెయ్యి మరి. అది నిజమే గదా?"

"ఆ, అది నిజమే."

తర్వాత నా దిక్కు చూసిండు. "ఏమోయ్ మామా, నీకు ఆటో నడుపొస్తదా? అదన్న నిజమేనా?"

"వస్తదన్నా."

"పో. డాక్టర్ యాడున్నా పట్టుకరా. బర్రె ఈడ లేదు, మా ఇంటి కాడున్నది. ఇగో, ఇది కథ కాదు."

నేను ఆటో స్టార్ట్ చేస్తాంటే కీర్తన వరండల అందరి ముంగట మోకాళ్లేసింది. పక్కన దీప గూడ ఏసింది, ఎట్ల ఎయ్యాలెనో చూసుకుంట. మా కీర్తన గట్టిగనే చేస్తాంది. "ప్రభువా, వెంకట్రాజం కాక వాళ్ల బర్రె తిప్పల పడతాంది. నేను అబద్ధం చెప్పిన గని, దానికి బర్రెను శిక్షించకు. డాక్టర్ దొరకనియ్యి. పెయ్యదూడను ఇయ్యి, పెద్దగైతే పాలిస్తది. మామను మంచిగ నడుపనియ్యి." తర్వాత ముక్క ఇంజన్ల కలిసిపోయింది.

పశువుల దవాఖానల డాక్టర్ మహిపాల్ సారు గొర్లకు సూదులేస్తాండు. ఫోన్ బల్ల మీద చచ్చిపడున్నది, చార్జింగ్ లేదు. నన్ను చూడంగనే సూది పట్టుకొనే నవ్విండు.

"దానియేలూ! ఏమాయెరా ఇయ్యాల? ఒంటెకు దగ్గు పట్టిందా?"

ఆయనట్ల అనుడుకు కారణమున్నది. నెలకింద గొంతు మార్చి ఈయనకు ఫోన్ చేసి, సర్కస్ ఏనుగుకు జరం, అర్జెంట్ రమ్మన్న. పాపం, బ్యాగు పట్టుకొని మైదానం అంత తిరిగిండట. సర్కస్ ఎక్కడిది? అప్పుడు మస్తు నవ్వుకున్న.

"సార్, వెంకట్రాజం బర్రె ఈనుతలేదు. కాలు బయటికొచ్చింది."

"ఆ, ఆ. ఏనుగు కాలా?"

"సార్, ఒట్టు సార్. మా అమ్మ మీదొట్టు."

"మీ అమ్మ మీద ఎన్ని ఒట్లేసినవ్ రా ఇప్పటికి? పాపం ముసలామె ఇంక బతికున్నది." మళ్ల గొర్రె దిక్కు తిరిగిండు.

గొర్రె నన్ను చూసింది. అది గూడ నమ్మలే.  ఫోన్ తీసి స్నేహలత మేడానికి కలిపిన. "మేడం, డాక్టర్ సారు నన్ను నమ్ముతలేడు, జర మీరు చెప్పుండ్రి." మేడం, "ఎట్ల నమ్ముతడు దానియేలు గారూ?" అని, ఇంకెవరికో ఫోన్ ఇచ్చింది. నేను సారు చెవుకు పెట్టిన.

గొంతు నాకు గూడ ఇనబడుతాంది. "సార్, నేను కీర్తన, మూడో తరగతి. దీప వాళ్ల బర్రె నిజంగ ఉన్నది. కాలు నిజంగ బయటికొచ్చింది. మామ ఈపారి అబద్ధం చెప్తలేడు. నేను అడిగిన."

మహిపాల్ సారు సూది కింద పెట్టిండు. "బ్యాగు పట్టుకోరా" అన్నడు.

నేను ఆటో అట్ల ఎప్పుడు నడుపలే, మళ్ల నడుప. ఖిలా వరంగల్ మట్టికోట దాటి, మక్కచేన్ల నడుమలకెళ్లి బండి ఎగురుకుంట పోయింది. సారు పైన రాడ్ పట్టుకొని, "బర్రెకంటే ముందు నేను పోయేటట్టున్న" అని మొత్తుకుంటాండు.

బర్రె కొట్టం ముంగట పక్కకు వాలి పడున్నది. కండ్లు తేలేసింది. వెంకట్రాజం మా కంటే ముందే వచ్చి దాని తల ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. వాళ్ల అమ్మ సోమక్క దాని గంగడోలు నిమురుకుంట అందరిని తిడతాంది. గట్టయ్య తాతను, ఫోన్ కంపెనీని, ఆఖరికి బర్రెను గూడ. మమ్ముల చూడంగనే మమ్ముల మొదలుపెట్టింది. "ఇప్పుడచ్చిన్రా పెండ్లికొచ్చినట్టు!"

సారు అంగీ ఇప్పి, చెయ్యి భుజం దాక సబ్బు పూసుకున్నడు. "దానియేలూ, తోక పట్టుకో. వదిలినవనుకో, నీకు సూదేస్త."

పట్టుకున్న. సారు బయటికున్న కాలును మెల్లగ లోపటికి నూకిండు. భుజం దాక చెయ్యి పెట్టి కండ్లు మూసుకొని వెతుకుతాండు, చీకట్ల తాళంచెవి వెతికినట్టు. బర్రె ఒక్కపారి మూలిగి, నా మీద ఎంత ఎయ్యాలెనో అంత పేడ ఏసింది. తోక వదల్లే. సోమక్క నన్ను చూసి, "ఈ పిలగాడెవడో మంచోడున్నడు" అన్నది. నన్ను మంచోడన్న మనిషిని అప్పుడే చూసిన. అదీ పేడల నన్ను ఎరుక పట్టక.

దూడ తిరిగింది. రెండు కాళ్లకు తాడేసిండు సారు. బర్రె ముక్కినప్పుడల్ల వెంకట్రాజం, గట్టయ్య తాత కలిసి గుంజిన్రు. ఆఖరికి దూడ జర్రున జారి గడ్డిల పడ్డది. కదుల్తలేదు. సారు ఎనక కాళ్లు పట్టి తలకిందులు లేపి ఊపిండు. గడ్డిపోస ముక్కుల పెట్టిండు. ఏం లేదు. వెంకట్రాజం ముఖం అటు తిప్పుకున్నడు. సారు మళ్ల గడ్డిపోస పెట్టి తిప్పిండు. దూడ తుమ్మింది.

సోమక్క ఉరికొచ్చి తోక లేపి చూసింది. "దున్న" అన్నది. మళ్ల జర ఆగి, "పోనీ తీ. తల్లి దక్కింది" అన్నది.

నేను స్కూలుకు తిరిగొచ్చేవరకు ఇంటర్వెల్ బెల్లు కొడతాన్రు. నా వాసనకు పిల్లలు ముక్కులు మూసుకొని అటిటు ఉరికిన్రు. కీర్తన ఉరకలే.

"ఏమైంది మామా?"

"రెండు పానాలు దక్కినయ్. కానీ నీ పెయ్య రాలే. దున్న వచ్చింది."

"నిజమేనా?"

ఒట్టేద్దామని నోరు తెరిచిన. మళ్ల మూసుకున్న. ఫోన్ తీసి ఫోటో చూపించిన. దీప దాన్ని గుంజుకొని అందరికంటే ముందు చూసింది. చూసి ఏడ్సింది, నవ్వింది, కీర్తన చెయ్యి పట్టుకున్నది.

శుక్రవారం వంతు వేరేవాళ్లది. అయినా కీర్తన మేడాన్ని అడిగి ముందటికొచ్చింది. నేను ఈపారి గేటు కాడ లేను, మేడం రమ్మంటే వరండ అంచున నిలబడ్డ.

"దేవునికి స్తోత్రం. పోయిన శుక్రవారం నేను చెప్పింది అబద్ధం. బర్రె లేదు, బాయి లేదు. ఆ పిల్లను నేనని గూడ నేనే కలిపిన. దీప వాళ్ల బర్రె నిజం. దాని కోసం ప్రార్థన చేసిన. దూడను డాక్టర్ సారు తీసిండు, మామ తోక పట్టుకున్నడు. నేను పెయ్యను ఇయ్యమని అడిగిన, దున్న వచ్చింది. అయినా దేవునికి స్తోత్రం. అందరికి వందనాలు."

"దున్న" కాడ పిల్లలు పగలవడి నవ్విన్రు. చప్పట్లు పోయిన వారమంత గట్టిగ లేవు. మేడం చార్టు కాడ నిలబడి, స్టార్ తియ్యాలెనా ఉంచాలెనా తెల్వక ఆలోచన చేస్తాంది. కీర్తననే పోయి గోరుతోని మెల్లగ గీకి తీసింది. తీసి దీప చేతుల పెట్టింది. "మీ దూడకు" అన్నది.

మేడం కొత్త స్టార్ ఏం ఇయ్యలే. "పోయి కూసో అమ్మా" అని, ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, జరసేపు తియ్యలే. తర్వాత నా దిక్కు చూసి, "వచ్చే శుక్రవారం దానియేలు గారి వంతు" అన్నది.

ఆ పొద్దే వెంకట్రాజం దీపతోని ఒక క్యాను జున్నుపాలు పంపిండు. ఆయమ్మ బెల్లం, ఇలాచి ఏసి జున్ను వండింది. పిల్లలందరికి తలా ముక్క వచ్చింది. నాకు వాటా ఇయ్యద్దని ఎవడో అన్నడు. కీర్తన తన ముక్కల సగం తెంపి ఇచ్చింది. నేను గూడ తినలేకపోయిన అని చెప్తే బాగుంటది గని, తిన్న.

శనివారం క్యాను వాపస్ ఇచ్చుడానికి కీర్తనను ఎక్కించుకొని పోయిన. దీప ఆ బంగారు స్టార్ ను దూడ నొసట అంటించింది. అది నిలబడి చెవులు ఊపుతాంది, రాజకుమారుని లెక్క. మేం చూస్తాంటనే తల్లి బర్రె తల తిప్పి, దూడ ముఖాన్ని ఒక్క నాకు నాకింది. స్టార్ దాని నాలుకకు అంటుకున్నది. ఇంకో రెండుపార్లు నాలుక ఆడించి మింగేసింది.

సోమారం పొద్దుగాల ఆటోల పిల్లలకు ఈ ముచ్చట చెప్పిన. ఉన్నదున్నట్టే చెప్పిన, ఒక్క ముక్క కలపలే. ఆఖర్ల అలవాటు కొద్ది, "మింగి, అందరికి వందనాలు చెప్పింది" అన్న.

"అబద్ధం!" అని ఆటో ఆటో అంత మొత్తుకున్నది. అభిషేక్ సీటు మీద లేచి, "మామ చెప్పేయన్ని అబద్ధాలే! బర్రె స్టార్ ను తింటదా?" అన్నడు.

"అరే, నా కండ్లతోని చూసిన రా!"

ఎవ్వడు నా దిక్కు చూస్తలేడు. అందరి తలకాయలు ఎనక సీటు దిక్కు తిరిగినయ్. కీర్తన బ్యాగు కడుపుకు వత్తుకొని కూసున్నది. ఏం అంటలేదు. అద్దంల నన్నే చూస్తాంది. ఒక మూల తిరిగిన, ఇంకో మూల తిరిగిన. అంటలేదు. 

"జర చెప్పవే, నీ కాళ్లు మొక్కుత" అన్న.

అప్పుడు నవ్వింది. ఆ పిల్ల గట్ల నవ్వుడు నేను ఎన్నడు చూడలే.

"స్టార్ మింగింది నిజమే" అన్నది. "వందనాలు మాత్రం మామ చెప్పించిండు."